బ్యాంకాక్ కోడలు

ఈమధ్య రాజమండ్రిలో ఓ పెళ్ళికి వెళితే భోజనాల దగ్గర థాయ్ కౌంటరని ఒకటి పెట్టారు. నెత్తిన తెల్ల టోపీ పెట్టుకున్న వంటాయన పెద్ద బాణలిలో నూడుల్స్ ఎగరేస్తూ "రండి సార్, థాయ్ వెరైటీ" అని పిలుస్తున్నాడు. ప్లేటు పట్టుకుని వెళ్ళాను. నోట్లో పెట్టుకుంటే మన సెంటర్లో బండి మీద అమ్మే నూడుల్సుకి కాస్త పంచదార కలిపినట్టుంది. "ఇది థాయ్ వంట కాదయ్యా" అన్నాను. "ఏంటి సార్, బ్యాంకాక్ వెళ్ళొచ్చారా?" అన్నాడతను, పక్కవాళ్ళకి వినపడేలా, ఓ రకంగా నవ్వుతూ. మా వైపు మగవాడు బ్యాంకాక్ వెళ్ళొచ్చాడంటే ఆ నవ్వు ఎందుకో అందరికీ తెలుసు. నాకు ఒళ్ళు మండింది. నేనెక్కడికీ వెళ్ళలేదయ్యా, బ్యాంకాకే మా వీధికి వచ్చింది అనబోయి, మానేసి, ప్లేటు అక్కడే పెట్టేసి చెయ్యి కడుక్కున్నాను.

ధవళేశ్వరంలో నాకు కిరాణా కొట్టు ఉండేది. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు రాకముందు ఆ కొట్లోనే ఓ మూల చిన్న అద్దాల గది కట్టించి ఎస్టీడీ, ఐఎస్‌డీ బూత్ పెట్టాను. వీధి మొత్తానికి నా నంబరే. ఎవరికి ఫోనొచ్చినా నేనే వెళ్ళి పిలుచుకురావాలి. సంబంధం కుదిరిన కబురూ, మనవడు పుట్టిన కబురూ, మనిషి పోయిన కబురూ అన్నీ ముందు నా చెవిలో పడి, తర్వాత వాళ్ళ చెవికి చేరేవి.

మా ఎదురింట్లో ఓ పెద్దావిడ ఉండేది. భర్త పోయాడు, కాస్త పొలం ఉంది, ఒక్కడే కొడుకు. అవి రొయ్యల పేరు చెబితే అందరికీ వెర్రెత్తుతున్న రోజులు. ఆ అబ్బాయి రొయ్య పిల్లల్ని పెంచే హేచరీ పని నేర్చుకుంటానని థాయ్‌లాండ్ వెళ్ళాడు. పని నేర్చుకున్నాడు, దాంతోపాటు ఆ హేచరీ ఆఫీసులో పనిచేసే పిల్లని పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. పెద్దావిడ అలిగి తలుపేసుకుని అన్నం మానేసింది. తర్వాత ఆకలేసి తినేసింది. అంతకంటే ఎవరైనా మాత్రం చేసేదేముంది?

కోడలి పేరు మాలో ఎవరికీ నోరు తిరగలేదు. బ్యాంకాక్ కోడలనేవాళ్ళం. "బ్యాంకాక్ కాదండి. చాలా దూరం అండి. మాది సముద్రం అండి" అని ఓపిగ్గా సరిదిద్దేది. మేము తల ఊపి, మళ్ళీ బ్యాంకాక్ కోడలనే పిలిచేవాళ్ళం. కొన్నాళ్ళకి ఆవిడే ఊరుకుంది.

మా గోదావరి వాళ్ళం మాట చివర 'అండి' పెడతామని, మీవాళ్ళు 'ఖా' అంటారే, అలాంటిదేనని మొగుడు ముందే చెప్పాడట. తెలియని దేశంలో ఆవిడకి ఆ ఒక్క ముక్క చుట్టంలా దొరికింది. ఇంక దేన్నీ వదల్లేదు. గుమ్మంలోకి వచ్చిన కుక్కని "ఛీ, పోండి" అనేది. పాలు పొంగితే "అయ్యో, ఆగండి ఆగండి" అంటూ పొయ్యి దగ్గరికి పరుగెత్తేది. నన్ను "షాపుగారూ" అని పిలిచేది. కోపంలో మా ఆవిడ నాకివ్వని మర్యాద మా వీధి కుక్కకి కూడా దొరికింది.

పెద్దవాళ్ళు కూర్చుని ఉంటే వాళ్ళ ముందునుంచి నిటారుగా నడిచేది కాదు. నడుం వంచి, ఓ చెయ్యి కిందికి చాచి, నేల చూస్తూ దాటేది. అది వాళ్ళ దేశంలో మర్యాదట. మొదటిసారి అలా వెళ్ళినప్పుడు మా కొట్టు బల్ల మీద కూర్చున్న ముసలాయన "ఏం పడిపోయిందమ్మా? ముక్కుపుడకా?" అని తనూ వంగి వెతకడం మొదలెట్టాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు వంగారు. వాళ్ళంతా వంగేసరికి ఆవిడ ఇంకాస్త కిందికి వంగింది. నేను నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయాను.

పిల్లల్ని ముద్దు పెట్టుకోవడం కూడా వేరే రకం. బుగ్గకి ముక్కు ఆనించి గట్టిగా వాసన పీల్చేది. మా చిన్నదాన్ని అలా పీలిస్తే మా ఆవిడ చిన్నబుచ్చుకుని, "పిల్లకి సరిగ్గా నీళ్ళు పొయ్యట్లేదనుకుంటోందేమోనండీ" అని సాయంత్రం మళ్ళీ సున్నిపిండి పెట్టి రుద్దింది. స్నానం చేసొచ్చిన పిల్లని ఆవిడ ఇంకా ఇష్టంగా పీల్చింది.

బొప్పాయి దగ్గరే వచ్చింది చిక్కంతా. పచ్చి బొప్పాయిని సన్నగా కోరి, ఎండు రొయ్యలూ, పచ్చిమిరపకాయలూ, నిమ్మరసం, బెల్లం వేసి రోట్లో దంచుకుని తినేది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల పచ్చి బొప్పాయి తింటే ఇంకేమైనా ఉందా! కడుపు నిలవదని పెద్దావిడ గోల పెట్టింది. భాష రాని కోడలు ఆ గోలంతా విని, తనకి పెట్టకుండా తింటున్నానని అత్తగారు అలిగిందనుకుంది. మర్నాటి నుంచి మొదటి ప్లేటు అత్తగారికే తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో ఇవ్వడం మొదలెట్టింది. పెద్దావిడ ఏడుపుమొహంతో నా కొట్టుకొచ్చి, "నువ్వైనా చెప్పయ్యా, నీ మాట దానికి కొంచెం అర్థమవుతుంది" అంది. నేను బొప్పాయి చూపించి, నా పొట్ట చూపించి, చేతులు అడ్డంగా తిప్పి నానా తంటాలూ పడ్డాను. ఆవిడ జాలిగా చూసి, ఇంటికి పరుగెత్తి, నా కడుపునొప్పికి ఏదో పచ్చ తైలం సీసా తెచ్చి ఇచ్చింది.

అలాగని అత్తాకోడళ్ళు ఎడమొహం పెడమొహంగా ఉండేవాళ్ళనుకుంటే పొరపాటే. సాయంత్రమయ్యేసరికి పెద్దావిడ కోడల్ని గడప మీద కూర్చోబెట్టుకుని జడ వేస్తూ, తన ఆడపడుచులు తనని పెట్టిన బాధలన్నీ మొదలుపెట్టేది. కోడలు "అవునండి, అవునండి" అంటూ వినేది. "నా కోడలంత శ్రద్ధగా ఈ వీధిలో ఏ కోడలు వింటుందో చూపించండి" అని పెద్దావిడ సవాలు చేసేది. అర్థం కాకపోవడం వాళ్ళిద్దరికీ బాగానే కలిసొచ్చింది.

ఆదివారాలు అమ్మకి ఫోన్ చేసుకోవడానికి వచ్చేది. వాళ్ళ మాట పాటలా పైకీ కిందికీ పోతుంది. మధ్యలో నవ్వు. "ఏం చెబుతుందయ్యా వాళ్ళమ్మకి? నా మీద చాడీలా?" అని పెద్దావిడ ఆరా తీసేది. "నాకేం తెలుసమ్మా, నవ్వుతోంది" అంటే, "అయితే నా మీదే" అనేది. ఆ నవ్వు వినడం నాకు అలవాటైపోయింది. ఏ ఆదివారమైనా రాకపోతే వెలితిగా ఉండేది. పైకి చెప్పలేదుగానీ ఆ పిల్లంటే నాకు చాలా అభిమానం.

భర్త ఉప్పాడ అవతల సముద్రం ఒడ్డున ఓ హేచరీలో పనిచేసేవాడు. వారమంతా అక్కడే, శనివారం సాయంత్రానికి ఇంటికి.

అది వారం మధ్యలో ఓ మధ్యాహ్నం. కొట్టు కట్టి భోజనానికి లేవబోతుంటే ఫోన్ మోగింది. అవతల హేచరీలో అతనితో పనిచేసే మనిషి.

"అండీ, మీ ఎదురింటి అబ్బాయికి మోటారు దగ్గర కరెంటు షాకు కొట్టిందండి. కాకినాడ ఆసుపత్రికి తీసుకొచ్చామండి. సీరియస్‌గా ఉందండి. వాళ్ళ అమ్మగారినీ, ఆవిడనీ తీసుకుని మీరు వెంటనే బయల్దేరండి."

"సీరియసా?" అన్నాను.

"అవునండి, సీరియస్‌గానే ఉందండి." కాసేపు ఆగి, "చుట్టాలెవరైనా ఉంటే వాళ్ళకీ చెప్పేయండి" అన్నాడు.

ఇంక నేను అడగడానికేమీ లేదు. మన దగ్గర ఆ కబురు అలాగే చెబుతారు. పోయాడన్న మాట ఫోన్లో ఎవరూ అనరు. సీరియస్ అంటారు. విన్నవాళ్ళు అక్కడే కూలబడి ఏడుస్తారు. పోయాడా అని తిరిగి అడగరు, అడిగినా ఎవరూ చెప్పరు. దారి పొడుగునా గుండె నెమ్మదిగా సిద్ధపడుతుంది. నిజంగానే ప్రాణం ఉంటే, "భయంలేదు, మాట్లాడుతున్నాడు" అని ముందే చెబుతారు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు. పుట్టి పెరిగితే వచ్చేస్తుంది.

ఎదురింటికి వెళ్ళాను. పెద్దావిడ చేటలో కందిపప్పు చెరుగుతోంది. కోడలు పక్కన కూర్చుని రాళ్ళు ఏరుతోంది. "అబ్బాయికి షాకు కొట్టిందటమ్మా. కాకినాడ ఆసుపత్రిలో ఉన్నాడట. సీరియస్‌గా ఉందట, మనల్ని బయల్దేరమన్నారు" అన్నాను. చేట పెద్దావిడ చేతిలోంచి జారిపోయింది. "ఓరి నా తండ్రీ" అని గోడకి తల కొట్టుకోవడం మొదలెట్టింది.

కోడలు లేచి నిలబడింది. మొహం తెల్లగా పాలిపోయింది. "సీరియస్ అండి?" అంది.

"అవునండి."

"డాక్టర్ ఉన్నారు అండి?"

"ఉన్నారండి."

ఆవిడ కింద కూర్చుని అత్తగారి తల పట్టుకుంది. "అత్తమ్మగారూ, ఏడవకండి. సీరియస్ అండి. సీరియస్ అంటే బతికి ఉన్నారు అండి" అంది.

ఆఫీసులో పనిచేసిన పిల్ల. ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు. నేను చెప్పినదాంట్లో ఆ ఒక్క మాటే ఆవిడకి పూర్తిగా అర్థమైంది.

కారు కోసం కబురు పెట్టి వచ్చేసరికి వాళ్ళ వంటింట్లోంచి అల్లం వాసన వస్తోంది. వెళ్ళి చూస్తే కోడలు జావ కాస్తోంది. మెత్తగా ఉడికిన అన్నంలో సన్నగా తరిగిన అల్లం వేసి కలుపుతోంది. వాళ్ళ దేశంలో జబ్బుపడ్డవాళ్ళకి అదే పెడతారట. ఓ సంచిలో అతని లుంగీ, తువ్వాలు, పళ్ళు తోముకునే బ్రష్షు సర్దింది. దుప్పటి కూడా మడత పెట్టింది. నేను మా ఆవిడని పక్కకి పిలిచి, "ఆ పిల్లకి అర్థం కాలేదే. నువ్వు చెప్పు" అన్నాను.

"ఏమని చెప్పనండీ? ఏ నోటితో చెప్పను? జావ కాస్తున్న పిల్ల దగ్గరికెళ్ళి నీ మొగుడు లేడని చెప్పమంటారా? నా వల్ల కాదు, మీరు చెప్పండి" అంది మా ఆవిడ, కొంగు నోట్లో కుక్కుకుంటూ. నేను వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. ఆవిడ ఫ్లాస్కు మూత బిగిస్తూ, "ఐపోయింది అండి, వెళదాం అండి" అంది. నేను పక్కకి తప్పుకుని దారిచ్చాను.

కారులో నేను ముందు, ఆడవాళ్ళు ముగ్గురూ వెనక. కోడలు ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. డ్రైవరుకి విషయం తెలుసు. పోయినవాళ్ళ దగ్గరికి వెళ్ళే కారు నెమ్మదిగానే వెళుతుంది. తొందరపడి చేసేదేమీ లేదు కదా, మిగిలినవాళ్ళు క్షేమంగా చేరితే చాలు. ఆవిడకి ఆ నడక అంతుపట్టలేదు. కడియం దాటేసరికి ముందుకి వంగి, "కొంచెం ఫాస్ట్ అండి" అని బతిమాలడం మొదలెట్టింది. డ్రైవరు నా మొహం చూశాడు. ఆ మాట పడలేక అతనే కాస్త వేగం పెంచాడు.

దారిలో రైలు గేటు వేసి ఉంది. రైలు జాడ లేదు. ఆవిడ గబుక్కున దిగి గేటు దగ్గర నిలబడ్డ మనిషి దగ్గరికి వెళ్ళింది. తల వంచి, చేతులు జోడించి, "ఆసుపత్రి అండి. మా ఆయన అండి. సీరియస్ అండి" అంది. గేటుమనిషి ఆవిడ వెనకాల కారులో గుండెలు బాదుకుంటున్న పెద్దావిడని చూశాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "రైలొచ్చేస్తోందమ్మా, తియ్యకూడదు. వెళ్ళు తల్లీ, కూర్చో" అన్నాడు. ఆవిడ నోటి నుంచి విని ఆయనకి అర్థమైన సంగతి ఆవిడకే తెలీదు.

గేటు తీశాక కోడలు మా ఆవిడతో వచ్చీరాని తెలుగులో ఏదో చెప్పుకుపోయింది. వాళ్ళ నాన్నకీ ఒకసారి ఇలాగే సీరియస్ అయిందట. డాక్టర్లు లాభం లేదన్నారట. ఈ జావే తాగి లేచి కూర్చున్నాడట. ఇప్పటికీ చేపలు పట్టడానికి వెళుతున్నాడట. "మా ఆయన స్ట్రాంగ్ అండి" అంది. వినగా వినగా నాకే అనుమానం మొదలైంది. ఏమో, ఆ ఫోన్ చేసినవాడు నిజంగానే సీరియస్ అన్నాడేమో, నేనే తొందరపడి వేరేలా అర్థం చేసుకున్నానేమో. కాకినాడ పొలిమేరకొచ్చేసరికి ఆవిడకంటే ఎక్కువగా నేనే ఆశపడుతున్నాను. ఊరు చేరకపోతే బాగుండుననిపించింది.

ఆసుపత్రి ముందు హేచరీ వాళ్ళు నలుగురైదుగురు చెట్టు కింద నిలబడి ఉన్నారు. కారు చూడగానే అందరూ నేల చూపులు చూశారు. ఆవిడ ఫ్లాస్కూ సంచీ పట్టుకుని దిగి గబగబా ఆసుపత్రి మెట్లెక్కింది. పెద్దావిడ మెట్ల వైపు చూడనుకూడా లేదు. కొంగు కింద పడిపోతున్నా పట్టించుకోకుండా, భవనం పక్క నుంచి వెనకవైపున్న మార్చురీ గది దిక్కుగా పరుగెత్తింది. ఎవరూ ఆవిడకి దారి చెప్పలేదు.

కోడలు మెట్ల మీద ఆగిపోయింది. వెళుతున్న అత్తగారిని చూసి, నన్ను చూసి, "షాపుగారూ, అత్తమ్మగారు తప్పు వెళ్తున్నారు అండి. పిలవండి" అంది.

నేను పిలవలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే అలాగే నిలబడ్డాను. ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. మా ఆవిడ వెళ్ళి చేతిలో ఫ్లాస్కు తీసుకోబోతే ఇవ్వలేదు.

"మీరు సీరియస్ అన్నారు కదండీ" అంది.

కోపంగా అనలేదు. కొట్లో ఇచ్చిన సరుకు తేడా వస్తే అడుగుతారే, అలా అడిగింది. ఆ గొంతు ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు. అప్పుడు అరిచినా, నాలుగు తిట్టినా బాగుండేది.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. కర్మకొచ్చిన ముసలమ్మలు ఆ పిల్ల గాజుల సంగతి ఎత్తితే, అప్పటిదాకా మాటా పలుకూ లేకుండా పడి ఉన్న పెద్దావిడ ఒక్కసారిగా లేచింది. "దాని మీద చెయ్యేశారంటే ఊరుకోను. దానికి ఇక్కడ పుట్టింటివాళ్ళెవరూ లేరు. నేనే" అంది. ముసలమ్మలు నోరు మూసుకున్నారు. కోడలికి ఆ గొడవ ఏమిటో కూడా తెలియలేదు.

ఆ పదిరోజులూ గడిచాక ఓ పొద్దున్న నా కొట్టుకొచ్చింది. బల్ల మీద కూర్చుంది. నేను మంచినీళ్ళిచ్చాను, తాగలేదు.

"ఆ రోజు మీకు తెలుసు అండి?" అంది.

"తెలుసండి."

"అత్తమ్మగారికి?"

"తెలుసండి. మా దగ్గర అలాగే చెప్తామండి. ఉన్నట్టుండి పోయారని చెప్తే మనిషి తట్టుకోలేడు కదండీ. అందుకని ముందు సీరియస్ అంటామండి. అప్పుడు కొంచెం కొంచెంగా తెలుస్తుందండి." సైగలతో సహా నాకు చేతనైనంతవరకూ చెప్పాను.

ఆవిడ అంతా విని, "నాకు కొంచెం కొంచెం రాలేదు అండి. ఒక్కసారే వచ్చింది అండి" అంది.

తర్వాత ఆవిడే లేచి, అమ్మకి ఫోన్ కలపమంది. ఇంతవరకూ వాళ్ళకి చెప్పలేదని అప్పుడే నాకు తెలిసింది. నంబరు కలిపి, మా ఆవిడని కేకేసి పక్కన నిలబెట్టుకున్నాను. తల్లి గొంతు వినగానే పిల్ల కుప్పకూలిపోతుందని భయం. ఆవిడ కూలిపోలేదు. రిసీవరు రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా మాట్లాడింది. అవతల నుంచి ఏడుపు వినపడుతుందేమోనని చెవులు రిక్కించి విన్నాను. ఏమీ లేదు. తల్లి ఏదో అడుగుతోంది, కూతురు జవాబిస్తోంది.

బయటికి వచ్చాక మా ఆవిడ దగ్గరికి తీసుకుని, "చెప్పావా అమ్మా?" అని అడిగింది.

"అమ్మ పెద్దది అండి. తట్టుకోలేదు అండి" అంది. "సీరియస్ అని చెప్పాను అండి."

మా ఆవిడ నా వైపు చూసింది. "మరి అమ్మగారేమన్నారండీ?" అని నేనే అడిగాను.

"రేపు పొద్దున్నే గుడికి వెళ్తారు అండి. ఆయనకి తగ్గాలి అని."